సరుగుడు నుంచి సిల్వర్ ఓక్ దాకా: రంపం మిషన్ ఎంపిక, మార్పులు, కార్బొరేటర్ సెట్టింగ్

మీరు అడిగినవి నాలుగు సంగతులు. 58 సీసీ చైనా మిషన్ ఏడాదిలో రెండుసార్లు పిస్టన్ పట్టేసింది, ఎందుకు? దాని బదులు 70 సీసీ మిషన్ ఏది కొనాలి? సైలెన్సర్ తెరిపించి, సిలిండర్ కింద ప్యాకింగ్ తీసేస్తే పవర్ పెరుగుతుందని గాజువాక ఆటోనగర్‌లో మెకానిక్ చెప్పాడు, చేయించొచ్చా? కార్బొరేటర్ ఎవరు సెట్ చేసినా వారం తిరక్కుండా మళ్ళీ తేడా వస్తోంది, ఎలా పెట్టుకోవాలి? పని అచ్యుతాపురం, భీమిలి వైపు సరుగుడు తోటల్లో, ఊళ్ళో రోడ్డు పక్క చెట్ల మీద, చలికాలం పాడేరు, చింతపల్లి వైపు సిల్వర్ ఓక్ మీద.

మొదట పట్టేయడం సంగతి తేలాలి. కారణం తెలియకుండా లక్షలో సగం పెట్టి కొత్తది కొంటే, అదే పెట్రోలు, అదే ఆయిలు, అదే చెయ్యి. అది కూడా పట్టేస్తుంది.

సైలెన్సర్ రెండు బోల్టులు విప్పి, తాడు మెల్లిగా లాగుతూ ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి పిస్టన్ చూడండి. ప్లగ్ తీసి టార్చి కూడా వెయ్యండి. గీతలు ఎగ్జాస్ట్ వైపు మాత్రమే ఉంటే మిక్చర్ పల్చబడి (గాలికి తగినంత పెట్రోలు అందక) వేడికి పట్టేసిందని అర్థం. చుట్టూ నాలుగు వైపులా ఉంటే ఆయిలు అందలేదు. కార్బొరేటర్ వైపు మాత్రమే మసకగా, గీకినట్టు అరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి పొట్టు, ఇసుక లోపలికి పోతున్నాయి. పాత పిస్టన్లు పారెయ్యకుండా ఉంటే వాటిని ఇలా చదవండి. మెకానిక్ మాట కంటే నమ్మకమైన సాక్ష్యం.

మీ వర్ణన బట్టి (మధ్యాహ్నం ఎండలో, పెద్ద దుంగ కోతలో, రైజ్ మీదుండగా ఆగిపోవడం) పెట్రోలు మీదే నా అనుమానం. ఇప్పుడు బంకుల్లో మామూలు పెట్రోలు అంటే ఇ20, అంటే ఐదో వంతు ఎథనాల్. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక పాలు పెట్రోలుకి సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఎథనాల్‌కి 9 పాళ్ళు చాలు. అంటే ఇ20 వాడితే అదే గాలికి దాదాపు 8 శాతం ఎక్కువ ఇంధనం పోవాలి. స్క్రూలు పాత పెట్రోలుకి పెట్టినవి అలాగే ఉంటే ఇంజను ఎప్పుడూ పల్చటి మిక్చర్ మీదే నడుస్తుంది. కారులో, కొత్త బైకులో ఇది కంప్యూటర్ సర్దుకుంటుంది. రంపం మిషన్‌లో సర్దవలసింది మన స్క్రూ డ్రైవరే.

రెండో ప్రమాదం ఇంకా చెడ్డది. ఎథనాల్ నీటిని లాక్కుంటుంది. మన తీరపు గాలిలో తేమకి కొదవ లేదు. మూత సరిగ్గా లేని క్యాన్‌లో కలిపిన పెట్రోలు వారాల తరబడి ఉంటే నీరు, ఎథనాల్ కలిసి పొరగా విడిపోయి అడుగుకి దిగుతాయి. టూటీ ఆయిలు (పెట్రోలులో కలిపే టూ స్ట్రోక్ ఇంజను ఆయిలు) మాత్రం పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకులో పీల్చే ఫిల్టర్ ఉండేది ఎక్కడ? అడుగునే. ఆ పొరని పీల్చినంతసేపు పిస్టన్‌కి ఆయిలు చుక్క అందదు. క్యాన్ గాజు సీసాలోకి కొద్దిగా వంపి చూస్తే అడుగున మబ్బు గీత కనిపిస్తుంది. కనిపిస్తే మొత్తం పారబోయాల్సిందే, కుదిపి కలిపితే తిరిగి మంచిది కాదు.

100 ఆక్టేన్ పెట్రోలు వాడాలా అంటే, అవసరం ఆక్టేన్ కాదు, ఎథనాల్ లేకపోవడం. ఏ బంకు పెట్రోలైనా మీరే తేల్చుకోవచ్చు. గీతలున్న 100 మి.లీ. గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్ళు పోసి, మీద 90 మి.లీ. పెట్రోలు పోసి, మూత పెట్టి కుదిపి పది నిమిషాలు నిలబెట్టండి. నీటి పొర 10 గీత దగ్గరే ఉంటే ఎథనాల్ లేదు. 28 దగ్గరికి ఎక్కితే 20 శాతం ఉంది. ఎథనాల్ లేనిది దొరికి ధర గిట్టుబాటైతే అదే వాడండి. లేకపోతే ఇ20తోనే పని చేయవచ్చు, మూడు షరతుల మీద: కార్బొరేటర్ ఇ20 మీదే సెట్ చెయ్యాలి, రెండు వారాలకి సరిపడా కంటే ఎక్కువ కలపకూడదు, రెండు మూడు రోజులు పని లేకపోతే ట్యాంకు ఖాళీ చేసి ఇంజను ఆగేదాకా స్లోలో నడపాలి. ఒకసారి ఇ20, ఒకసారి వేరేది మాత్రం వద్దు. వారం తిరక్కుండా తేడా రావడానికి ఇదొక కారణం.

ఆయిలు: జాసో ఎఫ్‌డీ (టూటీ ఆయిలు నాణ్యత గుర్తు) అని డబ్బా మీద ఉన్నది, గాలితో చల్లబడే ఇంజన్లకి చేసినది కొనండి. 1:50 అంటే 5 లీటర్లకి 100 మి.లీ., 1:40 అంటే 125 మి.లీ. ఏ గుర్తూ లేని మామూలు టూటీ తప్పనిసరై పోస్తే 1:25, అంటే 200 మి.లీ. ఫిషింగ్ హార్బర్ దగ్గర బోటు మోటార్ల ఆయిలు చవకగా దొరుకుతుంది కదా అని కొందరు పోస్తారు. దాని మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉంటుంది. అది నీళ్ళతో చల్లబడే ఇంజన్లకి చేసినది, మన మిషన్ వేడికి నిలవదు. కిరసనాయిలు కలపడం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంకొక్కటి: ఆయిలు పాళ్ళు పెంచితే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది, అంటే మిక్చర్ కొంచెం పల్చబడుతుంది. "భద్రంగా ఉంటుందని" నేడు 1:50, రేపు 1:25 అని మారిస్తే కార్బొరేటర్ మళ్ళీ పెట్టుకోవాలి.

ఇక ఏది కొనాలి. మీ పనికి 70 సీసీ తరగతి సరైనదే. స్టిల్ ఎంఎస్ 382 (72.2 సీసీ, 3.9 కిలోవాట్లు, బార్ అంటే చెయిన్ తిరిగే పొడవాటి పట్టీ, అదీ చెయినూ లేకుండా 6.2 కిలోలు), హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీ (70.7 సీసీ), ఈ రెండిట్లో ఏదైనా. ఈ రెండిట్లో ఎంచడానికి కొలత పవర్ కాదు. చెయిన్, క్లచ్ డ్రమ్, డయాఫ్రమ్ కిట్ (కార్బొరేటర్ లోపలి పల్చటి పొరలు), ఆయిల్ పంప్ మీకు ఏ షాపులో అదే రోజు దొరుకుతాయో అదే కొనండి. తనంతట తాను మిక్చర్ సర్దుకునే కార్బొరేటర్ మోడళ్ళు ఇ20కి, కొండకి, తీరానికి బాగా కలిసొస్తాయి, నిజమే. కానీ వాటిలో తేడా వస్తే కంపెనీ పరికరం ఉన్న చోటికే పోవాలి. చింతపల్లి దాటి పనిచేసేవాడికి స్క్రూలున్న కార్బొరేటరే మేలని నా అభిప్రాయం.

91 సీసీ ఎంఎస్ 661 లాంటిది మీకు వద్దు. పెద్ద చింత, రావి మొదళ్ళు రోజూ కోసేవాళ్ళకి అది. సరుగుడు కొమ్మలు దులపడానికి దాన్ని రోజంతా మోస్తే నడుం పోతుంది. ఆ కొమ్మల పనికి ఎంఎస్ 250 (45.4 సీసీ, 4.6 కిలోలు) లాంటి చిన్నది చేతిలో ఉంటే పెద్దదాని ఆయుష్షూ పెరుగుతుంది.

పాత హస్క్‌వర్నా 365 దొరికితే ఒక మాట. దాని బాడీకి 372 సిలిండర్, పిస్టన్ కూర్చుంటాయి. రెండిటికీ స్ట్రోకు 36 మి.మీ., బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 48 నుంచి 50కి పెరిగి 65.1 సీసీ కాస్తా 70.7 అవుతుంది. ఒకే తరం భాగాలు కావాలి, పాతవాటికీ ఎక్స్‌టార్క్ అనే కొత్త తరం వాటికీ కిట్లు వేరు. బయటి కంపెనీ కిట్ అయితే బిగించే ముందు పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు గోటితో తడమండి. గోరు పట్టుకుంటే రింగు కూడా పట్టుకుంటుంది. సన్నటి ఎమరీతో అంచు మొద్దు చేయాలి. పిస్టన్ మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు, పిన్ను క్లిప్పుల తెరపి నేరుగా పైకో కిందికో. పక్కకి పెడితే పిస్టన్ ఊపుకి క్లిప్పు ముడుచుకుని ఊడి సిలిండర్‌ని చీల్చేస్తుంది.

బార్ 20 అంగుళాలు పెట్టండి, 3/8 చెయిన్ (లింకుల దూరం కొలత, అంగుళాల్లో), 72 డ్రైవ్ లింకులు (బార్ గాడిలో దిగే ముక్కలు). రెండు వైపుల నుంచి కోస్తే దాంతో మూడడుగుల మొదలు కూడా పడుతుంది. 25 అంగుళాల బార్ ఈ ఇంజను లాగుతుంది గానీ సరుగుడు చేవలో ఆయాసపడుతుంది. చెయిన్ కొనేటప్పుడు షాపువాడి మాట మీద కాకుండా అంకెలు చూసి కొనండి. స్టిల్ చెయిన్‌లో పంటి ముందున్న డెప్త్ గేజ్ మీద 3 ఉంటే 3/8, 2 ఉంటే 0.325, 4 ఉంటే 0.404. డ్రైవ్ లింక్ మీద 6 ఉంటే 1.6 మి.మీ. మందం, 5 ఉంటే 1.5, 3 ఉంటే 1.3. 1.6 గాడి బార్‌లో 1.5 చెయిన్ ఎక్కుతుంది, కానీ పక్కకి ఊగుతూ వంకర కోత కోస్తుంది. 1.5 బార్‌లో 1.6 అసలు దిగదు.

పంటి రకం దగ్గర మన తీరానికి ఒక లెక్క ఉంది. సముద్రం పక్క సరుగుడు బెరడు పగుళ్ళలో ఇసుక ఉంటుంది, మొదలు దగ్గర మరీను. పదునైన చదరపు మూల ఉండే ఫుల్ చిజిల్ పన్ను అక్కడ నాలుగు చెట్లకే మొద్దుబారుతుంది. గుండ్రటి మూల ఉండే సెమీ చిజిల్ కొంచెం నెమ్మది, కానీ పూట నిలుస్తుంది. కోసే చోట బెరడు గొడ్డలితో జానెడు వెడల్పున చెక్కేసుకుంటే ఇంకా నయం. ఊళ్ళో రోడ్డు పక్క చెట్లకీ సెమీ చిజిలే, బోర్డులు కొట్టిన మేకులు, ఎప్పటివో తీగలు చెక్కలో కలిసిపోయి ఉంటాయి. సిల్వర్ ఓక్ శుభ్రమైన చెక్క, అక్కడ ఫుల్ చిజిల్ వాడుకోండి. తాడి, కొబ్బరి మొద్దులు ఒప్పుకుంటే పాత చెయిన్ వెయ్యండి. పీచు క్లచ్ మూత లోపల దట్టంగా పేరుకుపోతుంది, పది కోతలకోసారి మూత విప్పి లాగెయ్యాలి.

సానపట్టడం రాకుండా కార్బొరేటర్ జోలికి పోవద్దు. మొండి చెయిన్‌తో "పవర్ లేదు" అని మిషన్ షాపుకి తెచ్చేవాళ్ళే ఎక్కువ. 3/8 చెయిన్‌కి స్టిల్ వాడేది 5.2 మి.మీ. గుండ్రటి ఆకురాయి, మిగతా వాళ్ళు ఎక్కువగా 5.5. 0.325కి 4.8. ఆకురాయి మందంలో ఐదో వంతు పంటి పై అంచు కంటే పైకి ఉండేలా పట్టుకుని, లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి. కోణం 30 డిగ్రీలు, ఎండిన సరుగుడు, చింత లాంటి గట్టి కట్టెకి 25. పంటిని ఎండకి తిప్పి చూడండి: అంచు మీద తెల్లటి సన్న గీత మెరిస్తే అది మొద్దు. పదునైన అంచు వెలుతురుని తిరిగి కొట్టదు, గీత కనపడదు. ఆ మెరుపు పోయేదాకా తోసి, అన్ని పళ్ళకీ అదే లెక్క. అన్నిటికంటే పొట్టిగా అరిగిన పంటిని ముందు పట్టి మిగతావి దాని పొడవుకి తేవాలి. కోత కుడికో ఎడమకో వంగిపోతోందంటే ఒక వైపు పళ్ళు పొట్టివై ఉంటాయి, లేదా బార్ ఒక పక్క అరిగి ఉంటుంది.

డెప్త్ గేజ్ పంటి అంచు కంటే 0.65 మి.మీ. కిందికి దించాలి, ఎండు సరుగుడుకి 0.5 చాలు. దీన్ని అసలు ముట్టని వాళ్ళు సగం, ఇష్టమొచ్చినట్టు రాకేసేవాళ్ళు సగం. ఎక్కువ దిగితే పన్ను కట్టెని కొరికి పట్టుకుంటుంది, క్లచ్ జారి కాలుతుంది, బార్ ముక్కు పైకి తన్నుతుంది. సరిగ్గా ఉంటే రేకుల్లాంటి పేళ్ళు రాలతాయి. పిండిలా పొట్టు రాలుతోందంటే మొద్దు.

చెయిన్ ఆయిలుగా ఇంజన్ల నుంచి తీసిన నల్ల ఆయిలు పొయ్యడం మన దగ్గర బాగా అలవాటు. అందులోని ఇనుప రజను ఆయిల్ పంప్ మరని తినేస్తుంది, అది చేతికీ ఊపిరికీ మంచిది కాదు. చెయిన్ ఆయిలు ఖరీదనిపిస్తే కొత్త ఎస్‌ఏఈ 40 పొయ్యండి. ఒక ట్యాంకు పెట్రోలుకి ఆయిల్ ట్యాంకు దాదాపు ఖాళీ అవ్వాలి. సగం మిగిలితే బార్‌కి అందట్లేదు. బార్ ముక్కుని తెల్లటి కోత ముఖానికి జానెడు దూరంలో పట్టి రైజ్ చేస్తే ఆయిలు చార పడాలి.

ఇప్పుడు మార్పులు. ముందు సైలెన్సర్. కంపెనీ సైలెన్సర్ నోరు చప్పుడు, పొగ నిబంధనల కోసం సన్నగా ఉంటుంది, తెరిస్తే కోతలో వేగం తెలిసేంత మార్పు వస్తుంది. ఎంత తెరవాలి? సిలిండర్ ఎగ్జాస్ట్ పోర్టు వైశాల్యంలో 70 నుంచి 80 శాతం, అంతకు మించితే లాభం లేదు, చప్పుడే. పోర్టు 26 × 14 మి.మీ. ఉందనుకుందాం, 364 చదరపు మి.మీ. అందులో 75 శాతం 273. పాత నోరు 12 మి.మీ. గుండ్రటిదైతే దాని వైశాల్యం 113, ఇంకా 160 కావాలి, అంటే లోపలి వ్యాసం 14 మి.మీ. ఉన్న గొట్టం ఇంకొకటి. మిషన్ మీద ఉండగా డ్రిల్ పెట్టనివ్వకండి. విప్పి, తొలిచి, లోపలి ఇనుప రజను కిరసనాయిల్‌తో కడిగి, గాలి కొట్టి బిగించాలి. ఒక్క రజను ముక్క సిలిండర్‌లోకి పోతే పిస్టన్ ఖర్చు. కొత్త నోరు ముందుకీ పక్కకీ చూడాలి. ఆయిల్ ట్యాంకు ప్లాస్టిక్ మీదికో చేతి మీదికో కొట్టకూడదు. నిప్పురవ్వలు ఆపే జాలీ తీసెయ్యకండి, కొత్త నోటికీ వేయించండి. మార్చి, ఏప్రిల్‌లలో జీడితోటల ఎండుగడ్డిలో ఒక్క రవ్వ చాలు.

సైలెన్సర్ తెరిచాక గాలి ఎక్కువ పోతుంది, కాబట్టి కార్బొరేటర్ హెచ్ స్క్రూ (పూర్తి రైజ్‌లో పెట్రోలు పాళ్ళు సర్దేది, తెరిస్తే మిక్చర్ చిక్కబడుతుంది) ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు తెరవాలి. స్క్రూ మీద పరిమితి క్యాప్ ఉంటే అది తీయకుండా ఈ మార్పు చేయించడమే తప్పు. వారంటీ పోతుంది, అది తెలిసే చేయండి. కొత్త మిషన్ అయితే వారంటీ అయ్యేదాకా ముట్టకపోవడమే తెలివి.

సిలిండర్ కింద ప్యాకింగ్ తీసెయ్యడం కొలతతో చేసే పని, "తీసేస్తే పెరుగుతుంది" అనే పని కాదు. 1.5 మి.మీ. సోల్డర్ తీగని ప్లగ్ రంధ్రంలోంచి పిస్టన్ పిన్ను నిడివి దిశలో గోడకి తగిలేలా పెట్టి, ఫ్లైవీల్ చేత్తో ఒక చుట్టు తిప్పండి. నలిగిన కొసని వెర్నియర్‌తో కొలవండి, పిస్టన్‌కీ సిలిండర్ తలకీ మధ్య ఖాళీ అదే. రెండో వైపూ అలాగే. 0.9 వచ్చి, ప్యాకింగ్ 0.5 ఉంటే తీసేశాక మిగిలేది 0.4. అది తక్కువ. వేడికి కడ్డీ సాగి, బేరింగ్ ఆట కలిసి పిస్టన్ తలకి తగలవచ్చు. 0.5 కంటే కిందికి పోవద్దు. ఆ లెక్కన 0.25 పల్చటి ప్యాకింగ్ వేస్తే 0.65 వస్తుంది, క్షేమం. 1.0 పైన ఉంటేనే మొత్తం తీసి పెట్రోలుకి కరగని సీలెంట్ పూసి బిగించే ఆలోచన చేయాలి. సిలిండర్ కిందికి దిగినంత ఎగ్జాస్ట్ ఆలస్యంగా, ఇంటేక్ ముందుగా తెరుచుకుంటాయి, కంప్రెషన్ పెరుగుతుంది, తాడు చేతిని వెనక్కి లాగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను కంప్రెషన్ గేజ్ మీద 150 నుంచి 170 పీఎస్ఐ చూపిస్తుంది, 120కి దిగిందంటే ముందు రింగులు మార్చాలి గానీ ప్యాకింగ్ గోల కాదు. పోర్టులు గ్రైండ్ చేయించడం, ఫ్లైవీల్ తాళం అరగదీసి టైమింగ్ ముందుకి జరపడం మాత్రం రోజు కూలీ తెచ్చే మిషన్‌కి వద్దు. పందేలకి చేసుకుంటారు, వాళ్ళ సంగతి వేరు.

8 పళ్ళ స్ప్రాకెట్ (చెయిన్‌ని తిప్పే పళ్ళ చక్రం) వేసే సంగతి. 7 నుంచి 8కి మారితే చెయిన్ వేగం ఏడో వంతు పెరుగుతుంది, లాగే బలం ఎనిమిదో వంతు తగ్గుతుంది. సిల్వర్ ఓక్, 18 అంగుళాల బార్, తెరిచిన సైలెన్సర్, ఈ మూడూ కలిస్తే వెయ్యండి. సరుగుడులో 7 మీదే ఉండండి.

కార్బొరేటర్ ముట్టే ముందు గాలి లీకు లేదని తేల్చాలి. లేకపోతే మీరు సెట్ చేసేది లీకుని. సైలెన్సర్ దగ్గర, కార్బొరేటర్ దగ్గర రబ్బరుతో మూసి 0.5 బార్ (ఇక్కడ బార్ అంటే ఒత్తిడి కొలత) గాలి పెడితే 20 సెకన్లు నిలవాలి. తర్వాత 0.5 బార్ వాక్యూమ్ లాగితే 20 సెకన్లలో 0.3 కంటే తగ్గకూడదు. రెండూ చెయ్యాలి, క్రాంక్ సీలు ఒత్తిడికి నిలిచి వాక్యూమ్‌కి లీకయ్యే రకం ఉంటుంది. ఎక్కువగా పోయేవి కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు బూటు, క్రాంక్ సీళ్ళు. ఇ20 వాడేవాళ్ళకి పెట్రోలు పైపు గట్టిపడి పగలడం, డయాఫ్రమ్ బిరుసెక్కడం అదనం. ఏడాదికోసారి పైపు, ఫిల్టర్, డయాఫ్రమ్ కిట్ మార్చెయ్యండి. ప్లగ్ తెరపి 0.5 మి.మీ., కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య 0.2 నుంచి 0.3.

సెట్టింగ్: చెయిన్ పదును, బిగువు సరిగ్గా ఉండాలి. తాజా పెట్రోలు, శుభ్రమైన ఫిల్టర్. రెండు మూడు కోతలు కోసి ఇంజను వేడెక్కాలి. మాన్యువల్‌లో ఇచ్చిన చుట్లతో మొదలుపెట్టండి, చాలా మోడళ్ళకి హెచ్, ఎల్ రెండూ మెత్తగా మూసి ఒక చుట్టు తెరవడం. మూసేటప్పుడు బిగిస్తే సూది మొన పాడవుతుంది.

స్లోలో ఎల్ స్క్రూ (తక్కువ రైజ్‌లో పెట్రోలు పాళ్ళు సర్దేది) అటూ ఇటూ మెల్లిగా తిప్పి ఇంజను అన్నిటికంటే జోరుగా తిరిగే చోటు పట్టుకోండి, అక్కడి నుంచి ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు తెరవండి. రైజ్ ఇవ్వగానే తడబడి ఆగిపోతే ఇంకా తెరవాలి. పొగతో బద్ధకంగా లేస్తే కాస్త మూయాలి. తర్వాత ఎల్ఏ స్క్రూ (స్లో వేగం పెట్టేది), చెయిన్ కదలడం మొదలయ్యేదాకా మూసి, ఆగేదాకా వెనక్కి, ఇంకొంచెం. స్లో నిమిషానికి 2,700 చుట్ల దరిదాపుల్లో ఉంటుంది.

హెచ్ స్క్రూ చెవితో పెట్టేది. బరువు లేకుండా పూర్తి రైజ్ ఇస్తే ఇంజను కీచుమని సాఫీగా కాకుండా, కొంచెం బరబరలాడుతూ తిరగాలి. బార్ కట్టెలో దిగగానే ఆ బరబర పోయి శబ్దం శుభ్రపడాలి, పైకి తీయగానే మళ్ళీ బరబర. అదే సరైన చోటు. కోతలో కూడా బరబరలాడితే మరీ చిక్కన, ఖాళీలోనే సాఫీగా కూస్తుంటే పల్చన. ఆ కూత వినడానికి హాయిగా ఉంటుంది, పిస్టన్లు తినేది అదే. బరువు లేకుండా మూడు నాలుగు సెకన్లకి మించి తిప్పవద్దు. టాకోమీటర్ (చుట్లు లెక్కించే మీటరు) ఉంటే 372 ఎక్స్‌పీకి కంపెనీ గరిష్ఠం 13,500, మన ఎండకి, ఇ20కి 13,000 దగ్గర ఆపండి. జాగ్రత్త పడాల్సింది కాయిల్‌లోనే వేగ పరిమితి ఉన్న మోడళ్ళతో. పరిమితి తగిలినప్పుడు వచ్చే శబ్దం కూడా అచ్చం బరబరలాగే ఉంటుంది, చిక్కగా ఉందనుకుని మూస్తారు. అలాంటివాటిని పరిమితికి బాగా కిందే బరబర వచ్చేలా ముందు చిక్కగా పెట్టి, కోతలో శుభ్రపడేదాకా మాత్రమే మూయాలి.

హెచ్ ముట్టాక ఎల్ మళ్ళీ చూడాలి. చివరి పరీక్ష: గట్టి కోత ముగించి రైజ్ వదిలితే వెంటనే స్లోకి దిగాలి. రెండు మూడు సెకన్లు జోరుగా వేలాడి దిగితే ఎల్ పల్చన, లేదా గాలి లీకు. మిషన్‌ని నాలుగు వైపులా వంచినా స్లో మారకూడదు.

మీకు వారం వారం తేడా రావడానికి రెండో కారణం ఘాట్ రోడ్డు. పాడేరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్లు, అక్కడ గాలి 8 శాతం పల్చన. విశాఖలో పెట్టిన మిషన్ అక్కడ చిక్కబడి బద్ధకిస్తుంది, కానీ చెడిపోదు. చెడేది దిగేటప్పుడు. ఎండెక్కాక పాడేరులో "పవర్ లేద"ని హెచ్ మూస్తారు, వారం తర్వాత డిసెంబరు ఉదయం భీమిలి ఒడ్డున అదే స్క్రూతో మొదలుపెడతారు. 22 డిగ్రీల కొండ మధ్యాహ్నం గాలి కంటే 20 డిగ్రీల తీరపు ఉదయం గాలి పది శాతం పైగా చిక్కన. మిక్చర్ పల్చబడిపోతుంది. లంబసింగి వైపు తెల్లవారుజామున 5 డిగ్రీలుంటే మాత్రం చలి గాలి ఎత్తుని సరిచేసేస్తుంది, తీరంలో 35 డిగ్రీల ఎండకి పెట్టిన సెట్టింగే అక్కడ సరిపోతుంది. కాబట్టి కొండ మీద పొద్దున పూట హెచ్ ముట్టవద్దు. మధ్యాహ్నం మూయాల్సి వస్తే ఎంత తిప్పారో మూత లోపల మార్కర్‌తో రాసుకోండి, ఘాట్ దిగగానే అంతే తెరవండి.

తీరంలో పనయ్యాక ఒక పని ఎప్పుడూ మరవద్దు. ఉప్పు గాలికి ఫ్లైవీల్ అయస్కాంతాలు, క్లచ్ డ్రమ్ బేరింగ్ తుప్పు పడతాయి. క్లచ్ మూత విప్పి పొట్టు దులిపి, నీడిల్ బేరింగ్‌కి గ్రీజు చుక్క వెయ్యండి, బార్ తిరగేసి పెట్టండి. చెయిన్ వదులు చెయ్యండి. వేడిగా ఉన్నప్పుడు బిగించింది చల్లారి ముడుచుకుంటే క్రాంక్ బేరింగ్‌ని లాగేస్తుంది.

పాత 58 సీసీ అమ్మకండి, దానికి వచ్చే డబ్బు ఎంతని. 20 అంగుళాల బార్ దానికి ఎక్కువ, 16కి దించండి, పెట్రోలు పైపు, ప్లగ్ మార్చి, బోల్టులన్నీ ఒకసారి బిగించి, ఇ20 మీద చిక్కగా సెట్ చేసి బండిలో ఉంచండి. సైలెన్సర్ జోలికి పోవద్దు. పెద్ద మిషన్ బార్ దుంగలో నొక్కుకుపోయినప్పుడు లాగి వంచుకోకుండా, ఇంజను ఆపి అక్కడే ఉంచి, ఇరుక్కున్న చోటికి ఒక అడుగు అవతల దీనితో కోసి విడిపించుకోవచ్చు.